ప్లేడేట్‌లో ఫిగర్ స్కేటింగ్ రిథమ్ గేమ్: బీటు మీద ఎగరాలా, దిగాలా?

విభాగం: గేమ్ తయారీ › చేతి కన్సోళ్లు › ఓరుగల్లు, కరీంనగర్ సభ్యులు

#1 కాకతీయ_కోడ్

అందరికీ నమస్తే. ప్లేడేట్ అనే చిన్న చేతి కన్సోల్ కోసం ఫిగర్ స్కేటింగ్ రిథమ్ గేమ్ (పాట బీటుకు నొక్కే ఆట) కడుతున్న, లువా భాషలో. తెలియనోళ్ల కోసం: 400×240 తెర, నలుపు తెలుపు తప్ప బూడిద రంగు కూడా ఉండదు, వెనక లైటు లేదు, ర్యామ్ 16 ఎంబీ, కుడిపక్క తిప్పే క్రాంక్.

ఆట ఇట్ల నడుస్తది. పాట మొదలైతే స్కేటర్ మంచు మీద ఒక గీత వెంబడి పోతది. ఎడమ బొటనవేలు డి-ప్యాడ్ (నాలుగు దిక్కుల బటన్) మీద, ‘ఏ’ (A) బటన్‌తో ఎగురుడు, గాల్లో గిరగిర తిరగడానికి క్రాంక్. షార్ట్ ప్రోగ్రామ్ (పోటీల చిన్న విభాగం) లెక్కన 2 నిమిషాల 40 సెకన్ల పాట.

చిక్కులు మూడు. పాట చివరికొచ్చేసరికి, ఎప్పుడు నొక్కాలో చూపే గుర్తులు పాట కంటే వెనకబడుతున్నయ్. బీటు మీద ‘ఏ’ నొక్కితే మార్కులు పూర్తిగా పడుతున్నయ్ గానీ, చూస్తే జంప్ పాటతో కలవట్లేదు. మార్కులకు మామూలు కాంబో లెక్క (వరుసగా తప్పకుండా నొక్కితే మార్కులు పెరిగేది) పెట్టాలా, అసలు స్కేటింగ్ లెక్కే పెట్టాలా తేలట్లేదు. టైం ఇప్పటికి ఫ్రేములు లెక్కపెట్టి తీస్తున్న, సెకనుకు 30.

#2 మడికొండ_మల్లన్న

మొదటి రోగం నువ్వే చెప్పినవ్ తమ్మీ, ఫ్రేముల లెక్క. 30 అని పెట్టినంత మాత్రాన 30 రావు. తెర నిండా బొమ్మ మారిన చోట ఒకటి రెండు జారుతయ్. 160 సెకన్లకు 4800 ఫ్రేములు. నూటికి ఒక్కటి జారినా 48 పోతయ్, అంటే 1.6 సెకన్ల తేడా. పాట మాత్రం ఆగదు గదా.

గడియారం పాట దగ్గరే ఉండాలె. పాట నడిపే ఫైల్‌ప్లేయర్‌ను గెట్‌ఆఫ్‌సెట్ అడిగితే పాట ఎన్నో సెకను దగ్గరుందో చెప్తది. ప్రతి గుర్తు జాగా ఆ సెకను నుంచే లెక్కగట్టు: జాగా = (గుర్తు సమయం − పాట సమయం) × వేగం. ప్రతి ఫ్రేముకు ఇంత జరపాలె అని కూడుకుంట పోవద్దు. కూడిక పెట్టినవా, ఒక్కసారి జారిన తప్పు చివరిదాకా వెంట వస్తది.

ఆఫ్‌సెట్ మెట్లుమెట్లుగా కదిలి బొమ్మ కుదుపుతున్నట్టుంటే, సౌండ్ చిప్ సొంత గడియారం గెట్‌కరెంట్‌టైమ్ ఉన్నది. పాట మొదలైనప్పుడు అది గుర్తుపెట్టుకొని దాంతోనే నడిపించు. సెకనుకోసారి ఆఫ్‌సెట్‌తో పోల్చి, తేడా 10 మిల్లీసెకన్లు దాటితే అందుల పదో వంతు చొప్పున సరిదిద్దు. ఒక్కసారే సరిదిద్దితే గుర్తులు ఎగిరిపడ్డట్టు కనిపిస్తది.

#3 పోచమ్మమైదాన్

పాట ఏ ఫార్మాట్? ఎంపీ3 అయితే ఇంకో గొడవ ఉంది. ఎంపీ3 చేసేటప్పుడు మొదట్లో కొంత నిశ్శబ్దం వచ్చి చేరుతుంది. లేమ్ ఎన్‌కోడర్ 576 శాంపిళ్లు, డీకోడర్ వైపు 529, కలిపి 1105. అంటే 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 25 మిల్లీసెకన్లు. చార్ట్‌ను (ఏ సెకనుకు ఏ గుర్తో రాసుకున్న పట్టిక) వేవ్ ఫైల్ మీద గుర్తించి, ఆట ఎంపీ3 మీద నడిపితే మొదటి గుర్తు నుంచే అంత తేడా. ఇది పాట పొడుగునా పెరగదు, కాబట్టి మీ మొదటి చిక్కు ఇది కాదు. కానీ ఆ చిక్కు తీరాక ఇది బయటపడుతుంది.

#4 కాకతీయ_కోడ్

ఎంపీ3నే, 320 కేబీపీఎస్. వేవ్ పెట్టి మొత్తం ర్యామ్‌లోకి ఎక్కిస్తే అయిపోదా?

#5 మడికొండ_మల్లన్న

లెక్క చూడు. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో: సెకనుకు 88 కేబీ. 160 సెకన్లకు 14 ఎంబీ. ఉన్న ర్యామే 16. నాలుగు నిమిషాల ఫ్రీ స్కేట్ (పోటీల పెద్ద విభాగం) అయితే 21 ఎంబీ, అసలే పట్టదు.

ఏడీపీసీఎం (కుదించిన) వేవ్ చెయ్. శాంపిల్‌కు 4 బిట్లు, సైజు నాలుగో వంతుకు దిగుతది. 22.05 కిలోహెర్ట్జ్ మోనోలో నాలుగు నిమిషాలకు రెండున్నర ఎంబీ చిల్లర. ఎంపీ3 విప్పుడుకు ప్రాసెసర్ ఖర్చు ఎక్కువ, ఏడీపీసీఎంకు తక్కువ. ఆ మిగిలిన ఖర్చు బొమ్మలకు వాడుకో. పాటను ఫైల్‌ప్లేయర్‌తో డిస్క్ మీదికెల్లే నడిపించు. బ్లేడు చప్పుడు, దిగిన చప్పుడు, చప్పట్లు మాత్రం శాంపిల్‌ప్లేయర్‌లో పెట్టు, చిన్నవి గనుక ర్యామ్‌ల ఉంటయ్, పిలవంగనే పలుకుతయ్.

ఫైల్‌ప్లేయర్ మధ్యల తడబడితే డిడ్‌అండర్‌రన్ చెప్తది, అప్పుడు సెట్‌బఫర్‌సైజ్ పెంచు. పాట నడుస్తుండంగ డిస్క్ నుంచి బొమ్మలు లోడ్ చేస్తే తడబాటు ఖాయం. అన్నీ ముందే ఎక్కించుకో.

#6 లట్జ్_అక్క

రెండో చిక్కు కోడ్‌ది కాదు, స్కేటింగ్‌ది. బీటు మీద ఎగరడం కాదు తమ్ముడూ, బీటు మీద దిగాలి.

చూసేవాళ్ల కంటికి జంప్‌లో కొట్టొచ్చినట్టు కనిపించేది దిగిన క్షణం: బ్లేడు మంచును పట్టుకోవడం, చేతులు విచ్చుకోవడం. అందుకే కొరియోగ్రఫీలో పెద్ద దెబ్బను చాలావరకు ల్యాండింగ్ కిందికి తెస్తారు. ట్రిపుల్ (మూడు చుట్లు), క్వాడ్ (నాలుగు చుట్లు) జంప్‌లలో గాల్లో ఉండేది 0.6 నుంచి 0.7 సెకన్లు. నిమిషానికి 120 బీట్ల పాటలో ఒక బీటు అర సెకను. అంటే ల్యాండింగ్ బీటుకు సుమారు బీటుంబావు ముందే కాలు లేవాలి. బీటు మీద ఏ నొక్కిస్తే మీ స్కేటర్ తర్వాతి బీటు కూడా దాటాక దిగుతుంది. కలవనట్టు కనిపించక ఏం చేస్తుంది?

ఇంకో సంగతి. క్రాంక్ కుడిపక్క, ఏ బీ బటన్లూ కుడిపక్కే. క్రాంక్ తిప్పే చెయ్యి ఏ మీద ఎట్ల ఉంటుంది? చెయ్యి మారేసరికి గాల్లో ఉండే టైమంతా అయిపోతుంది. జంప్ మొత్తం ఎడమ బొటనవేలికే అప్పజెప్పండి.

బ్లేడు అంచులను డి-ప్యాడ్‌కు కలపడం తేలిక. అపసవ్య దిశలో తిరిగే స్కేటర్‌ను తీసుకుంటే ఆరు జంప్‌లు ఇవి:

లట్జ్: ఎడమ కాలు, వెనక్కి, బయటి అంచు, కుడి కాలి మొన గుచ్చాలి. ఒళ్లు ఎడమకు వాలుతుంది.
ఫ్లిప్: ఎడమ కాలు, వెనక్కి, లోపలి అంచు, మొన గుచ్చాలి. కుడికి వాలు.
సాల్కౌ: ఫ్లిప్ అంచే, మొన లేదు.
లూప్: కుడి కాలు, వెనక్కి, బయటి అంచు, మొన లేదు. కుడికి వాలు.
టో లూప్: లూప్ అంచే, ఎడమ కాలి మొన గుచ్చాలి.
ఆక్సెల్: ఎడమ కాలు, ముందుకు, బయటి అంచు. ముందుకు చూస్తూ లేచి వెనక్కి దిగుతుంది గనుక అర చుట్టు ఎక్కువ.

దిగడం మాత్రం ఆరింటికీ ఒకటే: కుడి కాలు, వెనక్కి, బయటి అంచు. కాబట్టి పట్టి ఉంచితే మోకాలు వంగడం, వదిలితే ఎగరడం, బీటు మీద కుడి కింది మూల నొక్కితే దిగడం. మొన గుచ్చే జంప్‌లకు వదిలే ముందు రెండుసార్లు తట్టమనండి. రోలర్ స్కేట్ల మీద ఆర్టిస్టిక్ నేర్చుకునే పిల్లలకూ ఇవే పేర్లు, ఇవే అంచులు. మన దగ్గర మంచు లేకపోయినా ఆట అర్థమయ్యేవాళ్లు ఉన్నారు.

#7 భూపాలపల్లి_బ్యాటరీ

మే నెలల 45 డిగ్రీల ఎండకు సల్లటి ఆట. తెరకు లైటు లేదు కాబట్టి ఎండలనే బాగా కనబడతది కూడా. ఎవరు ఆలోచించిన్రో గానీ మస్తున్నది.

#8 పోచమ్మమైదాన్

అక్క చెప్పిన లట్జ్‌లో ఒక మంచి పరీక్ష దాగి ఉంది. లట్జ్ వంపు ఒకవైపు, తిరుగుడు ఇంకోవైపు కాబట్టి చాలామందికి ఆఖరి క్షణంలో అంచు లోపలికి జారుతుంది. ఆటలో పట్టుకోవడం సులువు: వదలడానికి ముందు 200 మిల్లీసెకన్లలో డి-ప్యాడ్ ఎడమ నుంచి కుడికి మారిందా? మారితే తప్పు అంచు. అసలు నిబంధనల్లో కూడా లట్జ్, ఫ్లిప్‌లకే ఈ గుర్తు వేస్తారు, బేస్ విలువ (ఆ జంప్‌కు ముందే ఖాయం చేసిన మార్కు) 80 శాతానికి పడుతుంది.

ఆడేవాళ్ల వైపు నుంచి ఒక అభ్యంతరం. ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు రెండుచోట్లా గట్టిగా పట్టుకుంటే విసుగొస్తుంది. ఎగరడానికి ±80 మిల్లీసెకన్లు వదిలేయండి, దిగడాన్నే గట్టిగా చూడండి.

క్రాంక్ మాట: ఒక చుట్టుకు ఒక చుట్టు పెట్టారా? క్వాడ్ అంటే 0.7 సెకన్లలో నాలుగు, సెకనుకు ఐదున్నర పైన. ఆ చిన్న పిడిని అంత వేగంగా ఎవరూ తిప్పలేరు.

#9 కాకతీయ_కోడ్

ఒకటికి ఒకటే పెట్టిన. ఎంత చెయ్యాలె మరి?

#10 మడికొండ_మల్లన్న

స్కేటర్ ఒక చుట్టుకు క్రాంక్ 120 డిగ్రీలు. ట్రిపుల్ 360, ట్రిపుల్ ఆక్సెల్ మూడున్నర చుట్లు గనుక 420, క్వాడ్ 480. క్వాడ్‌కు 0.7 సెకన్లల 480 అంటే సెకనుకు రెండు చుట్లు కూడా పడవు, చేతికి హాయి. ఈ లెక్కల పావు చుట్టు తక్కువంటే 30 డిగ్రీలు, అర చుట్టు 60.

గిక్కడనే ఫ్రేముల సంగతి మల్ల వస్తది. క్వాడ్ వేగం సెకనుకు 686 డిగ్రీలు. 30 ఫ్రేములల ఒక్క ఫ్రేముకు 23 డిగ్రీలు కదులుతది. అంటే ఒక ఫ్రేము అటిటైతే దాదాపు పావు చుట్టు తప్పు. ఆడేటోడు సరిగ్గనే తిప్పినా తక్కువ తిప్పినవని ఆట అంటది. రిఫ్రెష్ 50కి పెట్టు, అదే గరిష్ఠం. అప్పుడు ఫ్రేముకు 14 డిగ్రీలు. ఇంకా సాఫ్ చెయ్యాలంటే సీ భాషల బటన్ కాల్‌బ్యాక్ ఉన్నది, బటన్ ఎప్పుడు నొక్కిన్రో ఆ సమయంతో సహా ఇస్తది. ఆ సమయానికి క్రాంక్ ఎక్కడుండెనో ముందు వెనక ఫ్రేముల మధ్యల నుంచి లెక్కగట్టొచ్చు. ఆట మొత్తం లువాల ఉంచి ఈ ఒక్క ముక్క సీల రాసుకో.

గెట్‌క్రాంక్‌చేంజ్ రెండు విలువలు ఇస్తది. మొదటిదే వాడు. రెండోది వేగాన్ని బట్టి పెంచి ఇచ్చేది, మెనూలు జరుపుకోనీకి పనికొస్తది, చుట్లు లెక్కపెట్టనీకి కాదు.

#11 పోచమ్మమైదాన్

50కి పెడితే తెర మొత్తం ప్రతి ఫ్రేముకు మారితే తట్టుకోదు కదా?

#12 కరీంనగర్_పిక్సెల్

అందుకే తెర మొత్తం మార్చొద్దు. ఈ తెరకు మారిన అడ్డు వరుసలే పంపుతది. పైన మార్కులు, కింద గుర్తుల దారి, నడుమ మంచు అనుకుందాం. పై పట్టీని మార్కు మారినప్పుడే గియ్యాలె. 240 వరుసలల 150 కదలకుండా ఉన్నా చాలా కలిసొస్తది.

మంచును చుక్కల నమూనాతో నింపకు. ఈ తెర మీద చుక్కల నమూనా ఒక్కో పిక్సెల్ జరిగితే మినుకుమినుకుమని కండ్లకు కొడతది. మంచు తెల్లగనే ఉండనీ, బ్లేడు గీసిన నల్ల గీతలే మంచును చూపిస్తయ్. నీడకు నమూనా తప్పదంటే దాన్ని బొమ్మకు కాదు తెరకు అతికించు. జరిపితే రెండు పిక్సెళ్ల చొప్పున జరుపు.

స్కేటర్ బొమ్మ 48×48 కంటే చిన్నగ చెయ్యకు, అంచు వాలు కనబడదు. తిరుగుడుకు ఎనిమిది దిక్కుల బొమ్మలు సరిపోతయ్. క్వాడ్ వేగంల పదహారు గీసినా కంటికి ఆనవు.

#13 లట్జ్_అక్క

మూడో చిక్కుకు వస్తే, అసలు లెక్కే పెట్టండి. కాంబో లెక్క కంటే అదే రిథమ్ గేమ్‌కు బాగా నప్పుతుంది, ఎందుకంటే ఎంత కష్టమైనది ఎంచుకున్నావు, ఎంత బాగా చేశావు అన్నవి విడివిడిగా ఉంటాయి.

2022-23 సీజన్ నాటి విలువలు ఇవి. ట్రిపుల్‌లు: టో లూప్ 4.20, సాల్కౌ 4.30, లూప్ 4.90, ఫ్లిప్ 5.30, లట్జ్ 5.90, ఆక్సెల్ 8.00. క్వాడ్‌లు: టో లూప్ 9.50, సాల్కౌ 9.70, లూప్ 10.50, ఫ్లిప్ 11.00, లట్జ్ 11.50, ఆక్సెల్ 12.50. ఆ ఆఖరిదాన్ని పోటీలో మొదట దించింది ఇలియా మాలినిన్, 2022 సెప్టెంబర్‌లో. ఆటలో దాన్ని మొదటి నుంచే ఇవ్వకండి, తాళం వేసి ఉంచండి.

నాణ్యత మార్కు −5 నుంచి +5. ఒక్కో మెట్టు బేస్ విలువలో 10 శాతం. ట్రిపుల్ లట్జ్‌కు +3 వస్తే 5.90 + 1.77 = 7.67.

చుట్టు తక్కువైతే మూడు మెట్లు. సరిగ్గా పావు దగ్గర దిగితే బేస్ విలువ పోదు, నాణ్యతలో కోత. పావు దాటి అర లోపల అయితే బేస్ 80 శాతం, అంటే ట్రిపుల్ లట్జ్ 4.72. అర చుట్టు లేదా ఎక్కువ తగ్గితే దాన్ని డబుల్‌గానే లెక్కిస్తారు, డబుల్ లట్జ్ 2.10. మల్లన్న డిగ్రీల్లో 25–35 మొదటిది, 35–60 రెండోది, 60 పైన మూడోది.

షార్ట్‌లో రెండో సగంలో చేసిన ఆఖరి జంప్‌కు 10 శాతం అదనం. దీన్ని మాత్రం వదలొద్దు. పాట చివర కష్టమైన జంప్ పెట్టుకోవాలా వద్దా అనే లెక్క ఆడేవాళ్లకు దీనివల్లే వస్తుంది.

#14 పోచమ్మమైదాన్

నాణ్యతకు నా సలహా: దిగే తప్పు 20 మిల్లీసెకన్ల లోపు +5, 35 లోపు +3, 55 లోపు +1, 80 లోపు −1, 120 లోపు −3. అది దాటితే పడిపోవడం: −5, పైగా ఒక మార్కు కోత.

ముందు చేతి తేడా సరిచూడటం తప్పనిసరి. మనుషులు బీటు వింటూ తడితే సహజంగానే కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందు తడతారు. 16 సార్లు తట్టించి మధ్య విలువ తీసుకోండి. సగటు వద్దు, ఒక్క తప్పు తాకిడి సగటును లాగేస్తుంది.

అయితే 160 సెకన్లలో ఏడే అంశాలు. మూడు జంప్‌లు, మూడు స్పిన్‌లు, ఒక స్టెప్ సీక్వెన్స్. ఇరవై మూడు సెకన్లకొకటి అంటే మిగతా టైమంతా ఆడేవాళ్లు ఏం చేస్తారు?

#15 లట్జ్_అక్క

అడుగులు. ఆట ప్రాణమే అక్కడుంది. త్రీ టర్న్‌లో కాలు అదే, అంచూ దిశా మారతాయి. బ్రాకెట్ కూడా అంతే, తిరిగే వైపు మాత్రం తిరగబడుతుంది. రాకర్, కౌంటర్‌లలో దిశ మారినా అంచు మారదు. మోహాక్‌లో కాలు మారి అంచు అదే ఉంటుంది, చాక్టావ్‌లో కాలూ అంచూ రెండూ మారతాయి. డి-ప్యాడ్ పైకీ కిందికీ దిశ, ఎడమ కుడి వాలు, కాలు మార్పుకు బీ బటన్. ట్విజిల్‌కు (ఒంటికాలి మీద గిరగిర తిరుగుతూ సాగడం) తప్ప ఇక్కడ క్రాంక్ పనిలేదు గనుక కుడిచెయ్యి ఖాళీనే. త్రీ టర్న్‌ను అర బీటు చొప్పున, ట్విజిల్‌ను క్రాంక్ మెల్లగా తిప్పుతూ పెట్టండి. స్పిన్‌కు వేగం కాదు, సమంగా తిప్పడం కొలవండి.

#16 డప్పుదరువు

పాట ఏది పెడుతున్నవ్? మన బతుకమ్మ పాట మీద ఒక ప్రోగ్రామ్ ఉంటే బాగుంటది గదా. పాడేది కూడా తప్పేమీ కాదు, 2014-15 సీజన్ నుంచి మాటలున్న పాటలను సింగిల్స్‌ల కూడా ఒప్పుకుంటున్నరు.

కానీ పని ఉంటది. చప్పట్లతో పాడిన రికార్డింగ్‌ల వేగం ఒక్క తీరు ఉండదు, పోను పోను పెరుగుతది. నిమిషానికి ఇన్ని బీట్లు అని ఒక్క అంకె పెడితే రెండో చరణానికే తప్పుతది. ఆడాసిటీల లేబుల్ ట్రాక్ పెట్టి, వినుకుంట ప్రతి చప్పట్ దగ్గర గుర్తు కొట్టు. తర్వాత అలల బొమ్మను పెద్దగ చేసి ఒక్కో గుర్తును దెబ్బ మొదలు మీదికి జరుపు. ఎగుమతి చేస్తే వరుసకు మొదలు, చివర, పేరు ట్యాబ్‌తో విడదీసి సెకన్లల వస్తయ్. ఆ ఫైల్‌నే చార్ట్‌గా చదివించు. అర బీటు, పావు బీటు రెండు గుర్తుల మధ్యల నుంచి లెక్కగట్టు.

స్కేటింగ్‌ల మూడు బీట్ల వాల్ట్జ్ బాగా నడుస్తది. దాన్ని దాటి మిశ్ర చాపు (ఏడక్షరాల తాళం) పెట్టి చూడు, మూడు, రెండు, రెండు. ల్యాండింగ్ మొదటి దెబ్బ మీద, నడుమ రెండు మీద మోకాలు వంచుడు. అయితే నిమిషానికి 210 అక్షరాల నడకల ఒక్కో అక్షరం 286 మిల్లీసెకన్లే. 0.65 సెకన్లంటే రెండుంబావు అక్షరాలు. కాలు లేవాల్సింది ఏ దెబ్బ మీదా పడదు, చివరి రెండుకు కొంచెం ముందు పడతది. గుర్తును దెబ్బ మీద గీసి మోసం చెయ్యకు, ఎక్కడ పడితే అక్కడనే గియ్యి.

పాట జానపదం అయినంత మాత్రాన రికార్డింగ్ అందరిది కాదు. ఎవరిదో యూట్యూబ్ నుంచి దింపకు, పాడించి రికార్డ్ చేసుకో.

#17 మడికొండ_మల్లన్న

ఇంకొన్ని పడగొట్టేటివి.

మెనూ బటన్ నొక్కితే ఆట ఆగుతది, సౌండ్ గడియారం మీద మాత్రం భరోసా పెట్టకు. తిరిగొచ్చినంక ఆఫ్‌సెట్‌తోని మల్ల కలుపుకో, లేకుంటే అన్ని గుర్తులు ఒక్కసారి తప్పిపోయినట్టు చూపిస్తది. నాలుగు బీట్ల లెక్క వినిపించి మొదలుపెట్టు. ఆగినప్పుడు ఎవరన్నా క్రాంక్ కదిలిస్తరు, కాబట్టి రాంగనే గెట్‌క్రాంక్‌చేంజ్ ఒకసారి పిలిచి ఆ విలువ పారెయ్యి.

అప్‌డేట్ లోపల కొత్త టేబుళ్లు చెయ్యకు. లువా చెత్త ఊడ్చేటప్పుడు ఫ్రేము ఆగుతది, అదీ సరిగ్గ జంప్‌ల మధ్యనే. గుర్తులన్ని ముందే చేసిపెట్టుకొని తిప్పితిప్పి వాడు.

సిమ్యులేటర్ల బాగున్నదంటే ఏం లెక్కలేదు, అది నీ కంప్యూటర్ బలం. డబ్బా మీద ఎక్కించే చూడు.

#18 కరీంనగర్_పిక్సెల్

బీటుకోసారి తెర మొత్తం నలుపు తెలుపు తిరగేసే ఆలోచనుంటే, గెట్‌రెడ్యూస్‌ఫ్లాషింగ్ అడిగి అవునంటే మానెయ్. ఎడమచేతి వాటం వాళ్లు సెట్టింగ్‌ల తెర తలకిందులు పెట్టుకుంటరు, గెట్‌ఫ్లిప్‌డ్ అడిగితే తెలుస్తది, అప్పుడు వాలు దిశలు సరిగున్నయా చూసుకో. క్రాంక్ ఏ దిక్కు తిప్పితే స్కేటర్ ఏ దిక్కు తిరగాలన్నది కూడా ఆడేటోళ్లకే వదిలెయ్.

#19 కాకతీయ_కోడ్

50 ఫ్రేములు, ఏడీపీసీఎం, 120 డిగ్రీలు, ల్యాండింగ్ మీద తీర్పు. ఇవన్నీ పెట్టిన. ఇప్పుడు జంప్ పాటలో కలుస్తున్నది. ఒకటి మిగిలింది: ఒగ్గు డోలు ట్రాక్ హెడ్‌ఫోన్‌ల బాగుంది, డబ్బా స్పీకర్‌లో దెబ్బే వినబడట్లేదు.

#20 డప్పుదరువు

స్పీకర్ చిన్నది, డోలు అడుగు గుంభనం దానికి పలకదు. వాల్యూం పెంచితే పగుల్తది. డోలు ట్రాక్‌కు 150 హెర్ట్జ్ కింద కోసెయ్, పుల్ల తగిలే పై చప్పుడు 2–4 కిలోహెర్ట్జ్ దగ్గర 4 డెసిబెళ్లు లేపు. అప్పటికీ ఆనకుంటే ల్యాండింగ్ బీట్ల కింద సన్నగా డప్పు సిర్ర దెబ్బ కలుపు. హెడ్‌ఫోన్ పెట్టిన్రో లేదో కన్సోల్ చెప్తది, పెడితే కొయ్యని ట్రాక్ నడిపించు. రెండు ఫైళ్లూ ఒకే ప్రాజెక్ట్ నుంచి, ఒకే పొడవుతోని తియ్యి, చార్ట్ ఒకటే సరిపోతది.